ఖాళీ సైటులోని కలుపు, చేనులోని తెగులు

మన పురసభ హద్దు దాటగానే చెనిక్కాయ చేలు, పొద్దుతిరుగుడు చేలు కనిపిస్తాయి. పట్టణంలో కాపురముంటూ ఊరి బయట రెండెకరాలో మూడెకరాలో సాగు చేసుకొనే తెలుగు కుటుంబాలు చిక్కబళ్ళాపురం, కోలారు, తుమకూరు జిల్లాల చిన్న పట్టణాలలో తరతరాలుగా ఉన్నాయి. ఈ పైర్లను పాతికేళ్ళకు పైగా పీడిస్తున్న వైరస్ తెగులు ఒకటి ఉన్నది. దానికి మూలస్థానం చేను కాదు. చేను చుట్టూ ఉన్న బీడు, దారి అంచు, కాలువ గట్టు, ఇల్లు కట్టకుండా వదిలివేసిన సైటు, ఇటువంటి చోట్ల పెరిగే ఒక కలుపు మొక్కలో ఆ వైరస్ ఏ గుర్తూ పైకి తెలియనీయకుండా బ్రతుకుతుంది. ఆ మొక్కను తెలుగులో వయ్యారిభామ అంటారు. మన ప్రాంతంలో కన్నడిగులూ తెలుగువారూ కూడా వాడే మాట కాంగ్రెస్ గిడ. శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు పార్థీనియం. వ్యవసాయ కరపత్రంలో ఉండవలసిన విషయానికి ఈ పౌరపుస్తికలో చోటు ఇవ్వడానికి కారణం ఇదే: రైతు తన చేనులోని కలుపును తాను తీసుకోగలడు; పట్టణంలో మన పేరున ఉన్న సైటులోని కలుపును అతడు తీయలేడు.

పేరు, స్వరూపం

ఈ వైరస్‌ను టొబాకో స్ట్రీక్ వైరస్ అంటారు. తెలుగులో పొగాకు చారల వైరస్ అనవచ్చు. 1936లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో జేమ్స్ జాన్సన్ అనే శాస్త్రజ్ఞుడు దీనిని పొగాకు మొక్కల మీద మొదటిసారి వర్ణించాడు. ఆకు ఈనెల వెంట కణజాలం చచ్చి గోధుమరంగు చారలు ఏర్పడుతాయి గనుక ఆ పేరు వచ్చింది. పేరులో పొగాకు ఉన్నంతమాత్రాన ఇది పొగాకుకే పరిమితమని భావించరాదు. ముప్పైకి పైగా కుటుంబాలకు చెందిన రెండువందలకు మించిన మొక్క జాతులకు ఇది సోకగలదని పరిశోధకులు కనుగొన్నారు. పొగాకులో మరొక విచిత్రం కూడా కనబడింది. చారలు వచ్చి ఆకులు మాడిన మొక్క కొంతకాలానికి కోలుకొని ఆరోగ్యంగా ఉన్న కొత్త ఆకులు వేస్తుంది. కాని ఆ ఆకులలోనూ వైరస్ ఉంటుంది. లక్షణం పోవడం వేరు, రోగకారకం పోవడం వేరు అన్న ఈ భేదాన్ని పాఠకులు గుర్తుంచుకొంటే ముందు చెప్పబోయే విషయం సులభంగా అర్థమవుతుంది.

వైరస్ రేణువు సుమారు ముప్పై నానోమీటర్ల పరిమాణం గలది. అంటే ఒక మిల్లీమీటరును పది లక్షల భాగాలు చేస్తే అందులో ముప్పై భాగాలంత. దాని వంశసమాచారం ఒకే పోగుగా లేక మూడు ముక్కలుగా విడివడి, వేరువేరు రేణువులలో చేరి ఉంటుంది. మూడు ముక్కలూ ఒకే మొక్కలోనికి చేరితేనే, వాటికి తోడుగా పైపొర ప్రోటీను కూడా అందితేనే, సంక్రమణ మొదలవుతుంది. ఈ కుటుంబానికి చెందిన వైరస్‌లను ఇలార్ వైరస్‌లు అంటారు. గుండ్రనివి, అస్థిరమైనవి, ఆకుపై వలయాల మచ్చలు కలిగించేవి అనే అర్థమిచ్చే ఆంగ్ల పదాల తొలి అక్షరాలను కూర్చి చేసిన పేరు అది.

ఆ మూడింటిలో మనకు ముఖ్యమైనది అస్థిరత. పొగాకుకే సోకే మొజాయిక్ వైరస్ ఎండిన ఆకులో ఏళ్ళ తరబడి చావకుండా ఉండగలదు. చారల వైరస్ అలాంటిది కాదు. మొక్క నుండి పిండిన రసంలో అది త్వరగా నిర్వీర్యమవుతుంది. ప్రయోగశాలలో దీనిని ఒక మొక్క నుండి మరొక మొక్కకు సోకించవలసి వచ్చినప్పుడు రసాన్ని చల్లగా ఉంచి, అది పాడుకాకుండా రసాయనం కలిపి, ఆలస్యం చేయక రుద్దుతారు. నేలలోనూ, ఎండుకట్టెలోనూ నిలువలేని ఇంతటి బలహీనమైన వైరస్ ఒక పంటకాలం నుండి మరొక పంటకాలం దాకా ఎక్కడ దాగి ఉంటున్నది? ఈ తెగులును అర్థం చేసుకోవడమంటే ఈ ప్రశ్నకు సమాధానం తెలుసుకోవడమే.

బాగేపల్లి నుండి అనంతపురం దాకా

ఈ తెగులు చరిత్రలో మన సీమకు ప్రత్యేక స్థానం ఉన్నది. సంతోషించదగిన స్థానం కాదు. 1997లో అప్పటి కోలారు జిల్లాలోని బాగేపల్లి వద్ద పొద్దుతిరుగుడు పైరులో ఒక కొత్త తెగులు కనిపించింది. ఆకులు మాడి మెలితిరిగి, కాండం నల్లబడి, పువ్వు వంకరపోయింది. దీనికి పొద్దుతిరుగుడు నెక్రోసిస్ అని పేరు పెట్టారు. నెక్రోసిస్ అంటే కణజాలం చచ్చిపోవడం. కొద్ది సంవత్సరాలలోనే ఇది కర్ణాటకలోని ఇతర జిల్లాలకు, ఆంధ్ర ప్రాంతానికి, మహారాష్ట్రకు, తమిళనాడుకు వ్యాపించింది. కారణం చారల వైరస్ అని 2000 ప్రాంతంలో తేలింది. ఆనాడు దేశంలో పొద్దుతిరుగుడు సాగుకు కర్ణాటకమే పెట్టింది పేరు. తరువాత ఆ సాగు బాగా తగ్గింది. ధరలు, దిగుమతి నూనెలు మొదలైన కారణాలు అనేకం ఉన్నాయి గనుక నేరమంతా ఈ తెగులు మీదనే వేయడం న్యాయం కాదు; కాని దాని పాలు లేదనడం కూడా నిజం కాదు.

2000 సంవత్సరం ఖరీఫులో సరిహద్దుకు ఆవల అనంతపురం జిల్లాలో జరిగినది ఇంకా పెద్దది. ఆ జిల్లాలో అప్పట్లో ఏడు లక్షల హెక్టార్లకు అటూ ఇటూగా వేరుశనగ వేసేవారు. ఆ ఏడు సుమారు 2,25,000 హెక్టార్లలో లేత మొక్కలు కాండం మాడి చనిపోయాయి. నష్టం 300 కోట్ల రూపాయలకు మించిందని అంచనా వేశారు. వర్షాధారపు వేరుశనగ ఒక్కటే ఆధారమైన కుటుంబాలకు ఆ అంకె అర్థమేమిటో ఈ సీమలో ఎవరికీ వివరించనక్కరలేదు. అప్పటి అనంతపురం జిల్లా మూడు వైపుల కమ్ముకొని ఉండిన మన పావగడ తాలూకా రైతులకు అసలే అక్కరలేదు.

ఆ తెగులును మొదట చూచినవారు అది అప్పటికే బాగా తెలిసిన మొవ్వకుళ్ళు తెగులు కాబోలునని అనుకొన్నారు. రెండింటి లక్షణాలకూ పోలిక ఉన్నది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ సంస్థ శాస్త్రజ్ఞులు మొక్కలను పరీక్షించి, ఇది మొవ్వకుళ్ళు వైరస్ కాదని, పొద్దుతిరుగుడును చంపుతున్న చారల వైరసేనని నిరూపించారు. ఆ పరీక్షలలో వాడిన సూచక మొక్కలలో మనకు బాగా తెలిసిన అలసంద కూడా ఒకటి. సీ-152 అనే అలసంద రకం ఆకుపై రోగగ్రస్తమైన రసాన్ని రుద్దితే, వైరస్ ఉన్నట్లయితే, రుద్దిన ఆకుపైనే మాడిన మచ్చలు తేలుతాయి.

చెనిక్కాయలో లక్షణాలు

చెనిక్కాయ పైరులో ఈ తెగులును కాండం కుళ్ళు వైరస్ తెగులు అంటున్నారు. ఈ పేరు కొంత తికమక కలిగించేదని చెప్పక తప్పదు. ఇక్కడ నిజానికి ఏదీ కుళ్ళదు. కణజాలం చచ్చి ఎండి నల్లబడుతుంది. కుళ్ళు అన్న మాట విని శిలీంధ్రనాశక మందు కొని చల్లే రైతులు ఉంటారు. ఆ ఖర్చు వృథా. శిలీంధ్రం వల్ల వచ్చే అసలైన కాండం కుళ్ళులో మొక్క మొదట నేలను తాకేచోట తెల్లని బూజు, ఆవగింజల వంటి గుండ్రని గింజలు కనబడతాయి. వైరస్ తెగులులో బూజు ఉండదు. మాడడం పైనుండి, లేత ఆకుల నుండి మొదలవుతుంది.

మొట్టమొదట లేత ఆకులపై మాడిన మచ్చలు కనిపిస్తాయి. అక్కడి నుండి ఆ మాడు ఆకు కాడకు, కాడ నుండి కాండానికి దిగుతుంది. చూస్తుండగానే కాండమంతా నల్లబడి చచ్చుతుంది. మొలిచిన నాలుగైదు వారాలలోపు సోకితే మొక్క సాధారణంగా బ్రతకదు. కొంత ముదిరిన తరువాత సోకితే ఒక కొమ్మో రెండు కొమ్మలో మాడి మిగిలినవి నిలుస్తాయి. అటువంటి మొక్కను పీకి చూస్తే కాయలు చిన్నవిగా ఉంటాయి. వాటి పొట్టు మీద నల్లని మచ్చలుంటాయి. కాయ మీది ఈ నల్లమచ్చను గుర్తుపట్టడం ముఖ్యం. ఎందుకంటే మొవ్వకుళ్ళు నుండి దీనిని వేరుచేసి చెప్పే గుర్తులలో అది ఒకటి.

రెండవ గుర్తు మొక్క ఆకారం. మొవ్వకుళ్ళు సోకిన మొక్కలో లేత ఆకులపై వలయాల మచ్చలు వచ్చి, కొన ఉన్న మొవ్వ చచ్చుతుంది. ఆపై పక్క కణుపుల నుండి చిన్నచిన్న ఆకులతో గుబురుగా చిగుళ్ళు వేసి, మొక్క గిడసబారి పొదలాగా మారుతుంది. కాండం కుళ్ళు వైరస్‌లో ఈ గుబురు సాధారణంగా కనబడదు. మాడు మొవ్వ దగ్గర ఆగక కాండమంతా పాకుతుంది. చేను గట్టున నిలబడి చూస్తే ఒకటి పొట్టిగా ముడుచుకొన్న మొక్క, మరొకటి నిలువునా మాడిన మొక్క. అనుభవజ్ఞుడైన రైతుకు ఇంతమాత్రం చాలు. అయినను అనుమానం తీరాలంటే ప్రయోగశాల పరీక్ష తప్పదు. హోబళిలోని రైతు సంపర్క కేంద్రం ద్వారా గాని, కృషి విజ్ఞాన కేంద్రం ద్వారా గాని నమూనా పంపే మార్గం కనుక్కోవచ్చు.

పొద్దుతిరుగుడులోను, ఇతర పైర్లలోను

పొద్దుతిరుగుడులో ఆకు మీద పసుపు, ఆకుపచ్చ కలిసిన చారికలు మొదట కనబడి, తరువాత ఆకులో ఒక భాగం మాడుతుంది. చచ్చిన పక్క పెరగదు, బ్రతికిన పక్క పెరుగుతుంది గనుక ఆకు మెలితిరుగుతుంది. కాడ మీద, కాండం మీద నల్లని చారలు దిగుతాయి. చిన్ననాడే సోకితే మొక్క చచ్చిపోతుంది. మొగ్గ దశలో సోకితే పువ్వు సరిగా విచ్చుకోదు; దాని మెడ వంకరపోయి, పూరేకులూ వాటి కింది పచ్చని రక్షక పత్రాలూ మాడి, ఒక పక్కకు ముడుచుకొని ఉంటుంది. అటువంటి పువ్వులో గింజ పట్టదు, పట్టినా తాలు. ఎత్తుగా పచ్చగా పెరిగి, ఆశ చూపి, చివరకు పువ్వు దగ్గర మోసం చేసే తెగులు ఇది. రైతు అప్పటికి ఎరువుకూ కూలికీ పెట్టవలసినదంతా పెట్టి ఉంటాడు.

పెసర, మినుము, సోయాచిక్కుడు, కుసుమ, పత్తి, జనుము, బెండ, విదేశాలకు ఎగుమతి చేసే చిన్న దోస, వీటిలోనూ మన దేశంలో ఈ వైరస్‌ను గుర్తించారు. పెసర, మినుముల్లో ఆకు ఈనెలు, మొవ్వ మాడుతాయి. బంతి మొక్కలలో కూడా దీనిని కనుగొన్నారు. కనుక పెరటిలో పూజకోసం పెంచే బంతి కూడా ఈ వైరస్‌కు పరాయిది కాదు.

గుర్తు చూపని ఆశ్రయం

ఇప్పుడు ఆ పాత ప్రశ్నకు వద్దాము. నేలలో నిలువదు. వేరుశనగ, పొద్దుతిరుగుడు విత్తనాలను పరీక్షించినప్పుడు వాటి ద్వారా మొలకలకు సోకినట్లు కనబడలేదు. పైరు చచ్చినప్పుడు మొదటి అనుమానం విత్తనం మీదకు, విత్తనం అమ్మినవాని మీదకు పోవడం సహజం. ఈ తెగులు విషయంలో ఆ అనుమానానికి ఆధారం లేదు. మరి వేసవిలో పైరు ఏదీ లేనప్పుడు వైరస్ ఎక్కడ ఉన్నట్లు?

అనంతపురం విపత్తు తరువాత పొలాల చుట్టూ పెరిగే కలుపు మొక్కలను తెచ్చి ఒక్కొక్కదాన్నే పరీక్షించారు. తుత్తురుబెండ, కుక్కవామింట, రెడ్డివారి నానబాలు, గడ్డి చామంతి వంటి మన దారి పక్కన నిత్యం కనబడే మొక్కలలో వైరస్ దొరికింది. అన్నింటిలోను ప్రధానమైనదిగా తేలినది వయ్యారిభామ. అందులో వైరస్ ఉన్నా ఆకు మాడదు, కాండం నల్లబడదు, పువ్వు వంకరపోదు. ఆరోగ్యంగా ఉన్న మొక్కకూ, వైరస్ ఉన్న మొక్కకూ కంటితో చూస్తే భేదమే తెలియదు. రోగి పడకెక్కితే ఇరుగుపొరుగు జాగ్రత్తపడతారు. రోగం లోపల పెట్టుకొని నవ్వుతూ తిరిగేవానిని ఎవరు అనుమానిస్తారు? వయ్యారిభామ సంగతి అలాంటిది.

దీనికి తోడు ఆ మొక్క స్వభావం కూడా వైరస్‌కు అనుకూలమైనది. ఒక వాన పడితే కొద్ది రోజుల్లో మొలుస్తుంది. నెల, నెలన్నర తిరిగేసరికి తెల్లని చిన్న పువ్వులు వేస్తుంది. తడి ఉన్నంతకాలం విడతలు విడతలుగా పూస్తూనే ఉంటుంది. ఒక్కొక్క మొక్క వేల సంఖ్యలో గింజలు రాలుస్తుంది. వైరస్ సోకిన వయ్యారిభామ గింజ ద్వారా తరువాతి తరం మొక్కలకు కూడా వైరస్ సంక్రమిస్తుందని ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ శాస్త్రజ్ఞులు నిరూపించారు. అక్కడ కూడా ఇదే కలుపు, ఇదే వైరస్, దెబ్బతినే పైర్లు కూడా ఇవే, పొద్దుతిరుగుడూ పెసరా. చేను విత్తనంలో లేని వైరస్ కలుపు విత్తనంలో ఉన్నది. వేసవి అంతా ఎండిన సైటులో ఏమీ లేదని మనం అనుకొంటున్నప్పుడు అది నేలమీది గింజలో నిద్రపోతూ ఉంటుంది.

పుప్పొడి, తామర పురుగు

కలుపులోని వైరస్ పైరుకు చేరే విధానం విశేషమైనది. మొక్క వైరస్‌లను మోసే పురుగులు అనేకం. వాటిలో చాలావరకు రోగగ్రస్తమైన మొక్క రసం పీల్చి, ఆ వైరస్‌ను నోటిలోనో కడుపులోనో పెట్టుకొని, ఇంకొక మొక్కను కుట్టినప్పుడు అందులోకి వదులుతాయి. పైన చెప్పిన మొవ్వకుళ్ళు వైరస్‌ను మోసే తామర పురుగు అటువంటిదే. అది పిల్లదశలో ఉన్నప్పుడు వైరస్‌ను తీసుకొంటుంది, వైరస్ పురుగు శరీరంలోనే వృద్ధి చెందుతుంది, పెద్దదైన పురుగు దానిని వ్యాపింపజేస్తుంది.

చారల వైరస్ పద్ధతి వేరు. ఇది వయ్యారిభామ పుప్పొడిలో ఉంటుంది. పుప్పొడి గాలికి ఎగిరి చేనులోని లేత ఆకుల మీద పొడిలాగా పడుతుంది. పువ్వులలో నివసించే తామర పురుగులు కూడా ఒంటినిండా పుప్పొడి పూసుకొని ఎగిరివచ్చి పైరు మీద వాలుతాయి. మిల్లీమీటరు పొడవు మాత్రమే ఉండే ఈ పురుగు ఆకును గీరి రసం పీల్చుతుంది. ఆ గీరుడులో ఆకుపొర చిరుగుతుంది, దాని పక్కన ఉన్న పుప్పొడి రేణువూ చిట్లుతుంది. చిట్లిన పుప్పొడిలోని వైరస్ చిరిగిన ఆకులోకి దిగుతుంది. పురుగు లోపల వైరస్ నివాసముండనక్కరలేదు. గాయం చేయడం, పుప్పొడి మోయడం వరకే దాని పని. ఇటువంటి సంక్రమణ పద్ధతి ఉన్నదని 1987లో క్వీన్స్‌లాండ్‌లోనే మొదట చూపించారు. మన దేశపు పరిశోధనలలో మూడు జాతుల తామర పురుగులు, రోగగ్రస్తమైన పుప్పొడి ఉన్నప్పుడు, ఈ పని చేస్తాయని తేలింది. పుప్పొడి లేకపోతే చేయలేవు.

ఈ వివరంలో రైతుకూ పట్టణవాసికీ పనికివచ్చే సంగతి ఉన్నది. చెనిక్కాయ పువ్వులో పుప్పొడి పూరేకుల మధ్య మూసుకొని ఉంటుంది; గాలికి ఎగరదు. చిన్ననాడే తెగులు సోకిన మొక్క పూతకు రాకముందే చచ్చిపోతుంది. కనుక చెనిక్కాయ మొక్క నుండి చెనిక్కాయ మొక్కకు ఈ వైరస్ పాకడం చాలా తక్కువ. చేనులో మాడిన ప్రతి మొక్కకూ వైరస్ దాదాపుగా బయటి నుండే వచ్చిందని అనుకోవాలి. చచ్చిన మొక్కలను పీకి పారవేసినంతమాత్రాన తెగులు ఆగకపోవడానికి కారణం ఇదే. పురుగుమందు ఎంత చల్లినా అంతంతమాత్రంగానే పనిచేయడానికీ ఇదే కారణం: పుప్పొడి పూసుకొన్న పురుగులు బయటి నుండి రోజూ వస్తూనే ఉంటాయి, మందు తగిలి చచ్చేలోపు ఒకసారి ఆకును గీరితే చాలు. తొలి వానలకు కలుపు పూసి, తరువాత కొన్ని వారాలు వాన మొగం చాటేసిన ఏడు తామర పురుగు పెరిగి, గాలిలో దుమ్ము లేచి, తెగులు తీవ్రమవుతుంది.

కలుపు మీద పట్టణం చేయగలిగినది

వయ్యారిభామ మన దేశపు మొక్క కాదు. అమెరికా ఖండం నుండి వచ్చినది. 1955లో పుణెలో దీనిని గుర్తించి నమోదు చేసిన తరువాత దేశమంతటా వ్యాపించింది. ముట్టుకొంటే ఒళ్ళు దద్దురులెక్కడం, పుప్పొడి పీల్చితే తుమ్ములు, ఉబ్బసం రావడం పట్టణవాసులందరికీ తెలిసినదే. కర్ణాటక ప్రభుత్వం 1975లోనే దీనిని హానికరమైన కలుపుగా ప్రకటించింది. ప్రకటన జరిగి అర్ధశతాబ్ది అయింది. మన రైల్వే కట్టల పక్కన, లేఅవుట్లలో ఆ మొక్కకు ఆ సంగతి తెలిసినట్టు లేదు.

దీనిని తినే ఒక పెంకుపురుగును మెక్సికో నుండి తెప్పించి 1984లో బెంగళూరులో వదిలారు. జైగోగ్రామా అనే ఆ చిన్న చారల పురుగు వానకాలంలో మొక్కలను ఆకు లేకుండా మేసివేస్తుంది. దాని మీద ఒకప్పుడు అభియోగం కూడా వచ్చింది. 1990 తరువాత బెంగళూరు పరిసరాలలో అది పొద్దుతిరుగుడు ఆకులను తింటున్నదని ఆందోళన పుట్టింది. పరిశోధించి చూస్తే, పక్కన ఉన్న వయ్యారిభామ పుప్పొడి ఎగిరివచ్చి పడిన పొద్దుతిరుగుడు ఆకులనే అది ఆ వాసనకు ఆకర్షింపబడి కొరికిందని తెలిసింది. వైరస్ సంగతి ఇంకా ఎవరూ ఎరుగని రోజులలోనే, కలుపు పుప్పొడి పైరు ఆకు మీద ఎంతగా పేరుకొంటుందో ఆ పురుగు చూపించింది. పురుగు ఎండకాలంలో నేలలో దాగి, వానలు కుదురుకొన్న తరువాతనే ఉధృతంగా మేస్తుంది. పైరుకు అపాయమున్న తొలి వారాలలో దానిపైననే ఆధారపడడం కుదరదు. మనిషి చేయి పడవలసిందే.

పీకడానికి సరియైన సమయం పువ్వు రాకముందు. కృత్తిక కార్తె వానలకు మే నెల నడుమ మొలిచిన వయ్యారిభామ జూన్ మూడవ, నాలుగవ వారానికి పూతకు వస్తుంది. చెనిక్కాయ విత్తడం మొదలయ్యేది కూడా అప్పుడే. లేత మొలకలూ కలుపు పూతా ఒకే సమయంలో కలిసినప్పుడే నష్టం ఎక్కువ. కనుక రోహిణి కార్తెలో, మృగశిర వచ్చేలోగా, నేల తడిగా ఉన్నప్పుడు వేరుతో సహా పీకివేయాలి. మొదలు వదిలి పైన కోసివేస్తే మళ్ళీ చిగిర్చి ఇంకా గుబురుగా పూస్తుంది. కోత యంత్రంతో సైటును పైపైన చదును చేయించి పని అయిందనుకొనేవారు ఈ మాట గమనించాలి. చేతికి తొడుగు, ముక్కుకు గుడ్డ కట్టుకోకుండా ఈ మొక్కను ముట్టరాదు. ఈ పని పౌరకార్మికులచేత చేయించేటప్పుడు తొడుగులు ఇవ్వడం యజమాని బాధ్యత. పూత రాకముందు పీకినవాటిని గుంటలో వేసి ఎరువు చేసుకోవచ్చు. పూసినవాటిని ఎరువుగుంటలో వేయరాదు, కాలువలో పారవేయరాదు, గాలి ఉన్న మధ్యాహ్నవేళ దులపరాదు. పొద్దున్నే మంచు తడి ఆరకముందు పీకి, గుంట తీసి పూడ్చడం మేలు.

ఖాళీ నేలను ఊరక వదిలితే కలుపు తిరిగి వస్తుంది. తంటెపు మొక్క, తంగేడు గింజలు చల్లితే అవి వయ్యారిభామను పెరగనీయకుండా అణచివేస్తాయని చాలాకాలంగా సిఫారసు చేస్తున్నారు. ఇంటి స్థలానికి చుట్టూ ప్రహరీ కట్టేదాకా తంగేడు పూలు చూడడానికి కూడా బాగుంటాయి.

సాగు ఉన్నవారు చేను చుట్టూ జొన్న గాని సజ్జ గాని మూడు నాలుగు వరుసలు దగ్గరగా వేసుకొంటే, గాలికి వచ్చే పుప్పొడినీ పురుగునూ అది కొంతవరకు అడ్డుకొంటుంది. విత్తనం పలచగా పడిన చేనులో తామర పురుగులు ఎక్కువగా వాలుతాయి గనుక మొక్కల సాంద్రత తగ్గకుండా చూడాలి. ఇమిడాక్లోప్రిడ్‌తో విత్తనశుద్ధి చేస్తే మొదటి వారాలలో పురుగు ఉధృతి తగ్గుతుంది. మోతాదు పైరును బట్టి, మందు రూపాన్ని బట్టి మారుతుంది గనుక అంగడివాని మాట మీద కాక రైతు సంపర్క కేంద్రంలో అడిగి తెలుసుకోవాలి. సోకిన మొక్కను బాగుచేసే మందు లేదు. అడవి జాతుల వేరుశనగ కొన్నింటిలో నిరోధకశక్తి కనబడింది గాని ఆ గుణాన్ని సాగు రకాలలోకి తేవడం సులభమైన పని కాదు.

మృగశిర చినుకులకు రెండవ విడత కలుపు మొలుస్తుంది. దానిని ఆరుద్ర, పునర్వసు కార్తెల మధ్య, అంటే జూలై మొదటి వారంలో, మరొకసారి చూచుకోవాలి. అప్పటికి చెనిక్కాయ రెండు మూడు వారాల మొక్క. తరువాత మరి రెండు మూడు వారాలు దాటేదాకా దాని చుట్టుపక్కల పూచిన వయ్యారిభామ ఉండకుండా చూడగలిగితే, ఆ పైరు అపాయదశ గడిచినట్లే.